కదిలిందల్లా దొంగ కాదు: సీసీ కెమెరాల తప్పుడు అలర్టులపై సమీక్ష

ఒకప్పుడు సీసీ కెమెరా బ్యాంకులోనో నగల కొట్లోనో కనిపించేది. ఇప్పుడు డాబా ఇంటి మూలన, అపార్ట్‌మెంటు మెట్ల దగ్గర, కిరాణా కొట్టు గల్లాపెట్టె పైన, పొలంలో మోటారు షెడ్డు దగ్గర కూడా ఉంటోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం వంద మందికి తగ్గకుండా జనం చేరే చోట్ల కెమెరాలను తప్పనిసరి చేసింది. 30 రోజుల ఫుటేజీ దాచి ఉంచాలని కూడా చెప్పింది. తెలంగాణ పోలీసుల ‘నేను సైతం’ కార్యక్రమం కాలనీవాళ్లే ముందుకొచ్చి కెమెరాలు పెట్టుకునే అలవాటు తెచ్చింది.

కెమెరాలతోపాటు ఫోనుకు వచ్చే అలర్టులూ పెరిగాయి. వేపకొమ్మ ఊగితే ఒకటి, వీధికుక్క నడిస్తే ఒకటి, ఎదురింటి బైకు లైటు గోడ మీద పడితే ఇంకొకటి. కొన్నాళ్లు ప్రతిదీ తెరిచి చూస్తారు. తర్వాత చూడడం మానేస్తారు. చివరికి నోటిఫికేషన్లే ఆపేస్తారు. అక్కడితో కెమెరా కాపలా కాయడం మాని, దొంగతనం జరిగాక పోలీసులకు చూపించే సాక్ష్యంగా మాత్రమే మిగులుతుంది. కెమెరాకు పెట్టిన ఖర్చులో సగం ప్రయోజనం అలా పోతోంది కాబట్టి ఈ సమస్యను చిన్నదిగా చూడకూడదు. తప్పుడు అలర్టులు ఎందుకు వస్తాయి, వాటిని తగ్గించడానికి ఇన్నేళ్లలో ఏయే దారులు వచ్చాయి, మన ఇళ్లకూ మన వాతావరణానికీ ఏది ఎంతవరకు పనికొస్తుంది అన్నవి ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్నలు.

అలర్టు విలువ ఎక్కడ పోతుంది

అలారం ఎక్కువైతే మనిషికి ఏమవుతుందో ఆసుపత్రుల అనుభవం చెబుతుంది. అమెరికాలో ఆసుపత్రుల ప్రమాణాలను పరిశీలించే జాయింట్ కమిషన్ 2013 ఏప్రిల్‌లో వైద్య పరికరాల అలారాలపై ఒక హెచ్చరిక జారీచేసింది. 2009 జనవరి నుంచి 2012 జూన్ దాకా తన దృష్టికి వచ్చిన 98 ఘటనల్లో 80 ప్రాణాంతకమయ్యాయని అందులో పేర్కొంది. మోగే అలారాల్లో 85 నుంచి 99 శాతం వరకు సిబ్బంది ఏమీ చేయనక్కర్లేనివేనన్న అంచనా కూడా అందులోనే ఉంది. మోత అలవాటైపోయి, వినాల్సినది వినబడకుండా పోయే స్థితి అది. అక్కడి ఇళ్లలో, దుకాణాల్లో ఉండే దొంగల అలారాలదీ ఇదే కథ. పోలీసులకు వెళ్లే అలారం పిలుపుల్లో 94 నుంచి 98 శాతం ఉత్తవేనని పోలీసింగ్ నిపుణులు లెక్కగట్టారు. అందుకే సాల్ట్ లేక్ సిటీ 2000 చివరలో కొత్త పద్ధతి తెచ్చింది. ఎవరో ఒకరు నిజమేనని ధ్రువీకరించాకే అక్కడ పోలీసు బండి కదులుతుంది.

ఇంత పెద్ద శాతం ఎలా వస్తుందో చిన్న లెక్క చెబుతుంది. ఒక గేటు కెమెరా ముందు రోజుకు వెయ్యి కదలికలు జరుగుతాయనుకుందాం. నూటికి తొంభై తొమ్మిది సార్లు ‘ఇది పట్టించుకోనక్కర్లేదు’ అని సరిగ్గా తేల్చే మంచి కెమెరా అది అనుకుందాం. అయినా రోజుకు పది తప్పుడు అలర్టులు వస్తాయి. ఏడాదికి 3,650. అదే ఏడాదిలో ఆ గేటు దూకే దొంగ ఒక్కడుంటే, ఒక్క నిజానికి 3,650 అబద్ధాలు. ఇక్కడ కెమెరా చెడ్డది కాదు. నిజమైన ఘటన అరుదు, పనికిరాని కదలిక అపారం. అందువల్ల కెమెరా తెలివిని పెంచడం ఒక్కటే చాలదు, అది తేల్చాల్సిన కదలికల సంఖ్యనే తగ్గించాలి. ఈ వ్యాసంలో మిగిలిన మాటలన్నీ ఈ లెక్క చుట్టూ తిరిగేవే.

కెమెరా కదలికను ఎలా చూస్తుంది

అన్నిటికన్నా పాత పద్ధతి ఒక ఫ్రేమును దాని ముందు ఫ్రేముతో పోల్చడం. ఏయే పిక్సెళ్ల వెలుగు మారింది, ఎంత మారింది, అలాంటివి మొత్తం ఎన్ని ఉన్నాయి అని లెక్కపెట్టి, హద్దు దాటితే ‘కదలిక’ అంటుంది. ఈ లెక్కకు మనిషీ తెలియదు, మేకా తెలియదు. దానికి తెలిసింది వెలుగులో మార్పు ఒక్కటే. మబ్బు సూర్యుణ్ణి కమ్మినా, వీధి దీపం వెలిగినా, దండెం మీద చీర ఊగినా దాని లెక్కలో అన్నీ సమానమే.

ఈ బలహీనతను దాటడానికి పరిశోధకులు ‘నేపథ్యాన్ని నేర్చుకోవడం’ అనే దారి పట్టారు. ఆ దారిలో 1999 ముఖ్యమైన ఏడాది. ఎంఐటీకి చెందిన స్టాఫర్, గ్రిమ్సన్ ప్రతి పిక్సెల్‌కూ ఒకే రంగు కాకుండా అది మామూలుగా తీసుకునే కొన్ని రంగులను గుర్తుపెట్టుకునే విధానం ప్రతిపాదించారు. ఊగే కొమ్మ వెనక ఆకాశం ఒకసారి, ఆకు ఒకసారి కనిపిస్తుంటే రెండూ నేపథ్యమేనని ఆ పిక్సెల్ నేర్చుకుంటుంది. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు అదే ఏడాది ‘వాల్‌ఫ్లవర్’ అనే పత్రంలో ఇలాంటి వ్యవస్థలను ఇబ్బందిపెట్టే పది చిక్కులను జాబితాగా రాశారు. ఊగే చెట్లు, నీడలు, హఠాత్తుగా వెలిగే లైటు, పొద్దుతోపాటు మారే ఎండ, జరిపి పెట్టిన కుర్చీ, కదలకుండా నిద్రపోయే మనిషి అందులో ఉన్నాయి. ఇరవై ఐదేళ్లు దాటినా ఆ జాబితా పాతబడలేదు. ఈ రోజు ఏ ఇంటి కెమెరా ఇచ్చే తప్పుడు అలర్టులను విడదీసి చూసినా వెలుతురు, నీడలు, ఊగే కొమ్మల వల్ల వచ్చేవి ఆ పదింటిలో ఎక్కడో ఒకచోట సర్దుకుంటాయి.

ఆ జాబితాలోని నిద్రపోయే మనిషి ఒక హెచ్చరిక కూడా. నేపథ్యాన్ని త్వరగా నేర్చుకునే కెమెరాకు తప్పుడు అలర్టులు తగ్గుతాయి. కానీ గోడ పక్కన కదలకుండా నక్కి కూర్చున్నవాణ్ణి అది కొంతసేపటికి గోడలో భాగమే అనుకుంటుంది. తప్పుడు అలర్టును తగ్గించే ప్రతి మార్గంలోనూ నిజమైనది జారిపోయే సందు ఒకటి ఉంటుంది. ఏ పద్ధతిని బేరీజు వేసినా ఈ రెండో వైపును కూడా తూచాలి.

మన ఇళ్ల దగ్గరి కారణాలు

రాత్రిపూట వచ్చే అలర్టుల్లో పురుగులది పెద్ద వాటా. చీకట్లో చూడడానికి కెమెరా తన చుట్టూ ఉన్న చిన్న ఇన్‌ఫ్రారెడ్ దీపాలను వెలిగించుకుంటుంది. అవి సాధారణంగా 850 లేదా 940 నానోమీటర్ల కాంతినిస్తాయి. లెన్సుకు పది సెంటీమీటర్ల దూరంలో ఎగిరే సెంటీమీటరు పురుగు, పది మీటర్ల దూరంలో ఉన్న మీటరు ఎత్తు వస్తువంత పెద్దగా చిత్రంలో పడుతుంది. దూరం వందో వంతు కాబట్టి దాని మీద పడే ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు పదివేల రెట్లు ఎక్కువ. అంత పెద్దగా, అంత తెల్లగా ఒక ఆకారం ఫ్రేములో దూసుకుపోతే పిక్సెళ్లు లెక్కపెట్టే కెమెరాకు అది పెద్ద సంఘటనే. తొలకరి పడ్డ సాయంత్రం ఉసిళ్లు లేచినప్పుడు ఫోను ఊపిరి తిప్పుకోనివ్వకపోవడానికి కారణం ఇదే. సాలెపురుగు లెన్సు ముందు గూడు కడితే చిన్న గాలికి కూడా ఆ దారాలు మెరుస్తూ ఊగుతాయి. వాన చినుకులు, పొగమంచు, రోడ్డు దుమ్ము కూడా లెన్సుకు దగ్గరగా ఇలాగే మెరుస్తాయి.

వెలుతురుకు సంబంధించినవి రెండో గుంపు. సందె వేళ కెమెరా రంగుల చిత్రం నుంచి నలుపు తెలుపులోకి మారేటప్పుడు లోపలి ఫిల్టరు పక్కకు జరుగుతుంది, చిత్రమంతా ఒక్కసారి మారిపోతుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకున్నప్పుడూ, వీధి దీపాలు ఆరి వెలిగినప్పుడూ ఇదే జరుగుతుంది. పండగకు ఇంటి ముందు వేసిన సీరియల్ లైట్లు రాత్రంతా ఈ పనే చేస్తాయి. వెలుతురు తక్కువైనప్పుడు కెమెరా సంకేతాన్ని బలవంతంగా పెంచుకుంటుంది. అప్పుడు చిత్రంలో గింజగింజలుగా కనిపించే గరుకు కూడా కదలికలాగే లెక్కకొస్తుంది.

గుమ్మానికి కట్టిన మామిడి తోరణం, దిష్టి బొమ్మ, అరటి ఆకులు, డాబా మీద ఆరేసిన బట్టలు మూడో గుంపు. పిట్టగోడ మీది కాకులు, పిల్లులు, కోతుల మందలు నాలుగోది. ఈ నాలుగు గుంపులకూ మందు ఒకటే కాదు. మందు వేసే ముందు ఒక వారం అలర్టులను తెరిచి చూసి, ఏ గుంపువి ఎన్ని ఉన్నాయో రాసుకోవడం మంచిది. కారణం తెలియకుండా సెట్టింగులు మార్చడం వల్ల సమస్య పోదు, దాని రూపం మారుతుంది.

ముందుగా నిచ్చెన ఎక్కాలి

చాలామంది అలర్టులు ఎక్కువైతే ఫోనులో సెన్సిటివిటీ తగ్గిస్తారు. ఎక్కువ ఫలితం ఇచ్చేది మాత్రం కెమెరా ఉన్న చోటును, చూసే దిక్కును సరిచేయడం. ఫ్రేములో ఆకాశం, రోడ్డు, చెట్టు ఎంత ఎక్కువుంటే అనవసర కదలిక అంత ఎక్కువ. ఎనిమిది నుంచి పది అడుగుల ఎత్తున బిగించి, ముఖం కాస్త కిందికి వంచి, మన గేటూ మన నేలా మాత్రమే కనిపించేలా పెడితే రోజుకు వెయ్యి కదలికలు అన్న లెక్క అక్కడే వందలకు దిగుతుంది. సన్నటి ఇనుప గొట్టానికి బిగించిన కెమెరా గాలికి తానే ఊగుతుంది. కోస్తాలో ఈదురు గాలుల రోజుల్లో ఇది పెద్ద బాధ. గోడకు బిగిస్తే ఆ బాధ ఉండదు.

పురుగుల విషయంలో అన్నిటికన్నా మంచి ఉపాయం వెలుతురును కెమెరా నుంచి దూరం చేయడం. విడిగా అమ్మే ఇన్‌ఫ్రారెడ్ దీపాన్ని కెమెరాకు కొన్ని అడుగుల పక్కన పెట్టి, కెమెరాలో ఉన్న దీపాలను ఆపేస్తే లెన్సు ముందు ఎగిరే పురుగు మీద ఆ తీవ్రమైన వెలుతురు పడదు. వాకిట్లో మామూలు ఎల్‌ఈడీ బల్బు ఉంచాలనుకుంటే అదీ కెమెరాకు దూరంగానే ఉండాలి, ఎందుకంటే పురుగులు దాని చుట్టూ చేరతాయి. పదిహేను రోజులకోసారి మెత్తటి బట్టతో అద్దం తుడిచి, సాలెగూడు దులిపేయడం ఏ ఖరీదైన ఫీచరుకూ తీసిపోని పని. కెమెరా బిగించే టెక్నీషియన్లు ఈ సంగతులు ఇంటివాళ్లకు చెప్పడం తమ పనిలో భాగం చేసుకుంటే సగం ఫిర్యాదులు పుట్టనే పుట్టవు.

సెట్టింగుల్లో ఏది ఏం చేస్తుంది

చాలా కెమెరాల్లో రెండు వేర్వేరు అంకెలు ఉంటాయి. సెన్సిటివిటీ అన్నది ఒక పిక్సెల్ ఎంత మారితే మారినట్టు అని చెబుతుంది. థ్రెషోల్డ్ అన్నది అలా మారిన భాగం ఎంత పెద్దదైతే అలర్టు ఇవ్వాలో చెబుతుంది. కొన్ని యాప్‌లు రెంటినీ కలిపి ఒకే మీట చేసి ఇస్తాయి. రాత్రి గరుకుకు మొదటిది తగ్గించాలి, పిల్లులకు, కాకులకు రెండోది పెంచాలి. రెండూ ఒకే మీటయినప్పుడు పిల్లిని ఆపబోతే చీకట్లో నల్ల చొక్కాతో వచ్చే మనిషి కూడా తప్పిపోతాడు. అందుకే సెన్సిటివిటీని చివరి మార్గంగా చూడాలి.

దానికన్నా మేలైనది ప్రాంతాన్ని గీసుకోవడం. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. చిత్రంలో చెట్టు ఉన్న చోటును మాస్కుతో కప్పేస్తే ఆ పిక్సెళ్లలో ఏం జరిగినా కెమెరా పట్టించుకోదు. చెట్టు ముందు నుంచి నడిచే మనిషి కూడా ఆ భాగంలో ఉన్నంతసేపు దానికి కనపడడు. కప్పిన భాగం ఎంత పెరిగితే మనిషిని వరుసగా అనుసరించడం అంత కష్టమవుతుంది. జోన్ పద్ధతి వేరు. ఫ్రిగేట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒక మనిషి జోన్‌లో ఉన్నాడా లేడా అన్నది అతని చుట్టూ గీసిన పెట్టె అడుగు అంచు మధ్య బిందువును బట్టి, అంటే పాదాలు ఎక్కడున్నాయో దాన్నిబట్టి తేలుస్తుంది. గోడ అవతల నడిచేవాడి తల మన వాకిలి మీద పడ్డట్టు కనిపించినా అలర్టు రాదు. పాదం లోపల పడితేనే వస్తుంది. మాస్కును తక్కువగా వాడి, జోన్‌ను శ్రద్ధగా గీసుకోవాలన్నది ఈ తేడా నేర్పే పాఠం.

సమయం మూడో మీట. పగలు పనిమనిషి, పాలవాడు, పిల్లలు తిరిగే వాకిట్లో అలర్టు వల్ల లాభం లేదు. రాత్రి పదకొండు నుంచి తెల్లవారుజాము నాలుగున్నర దాకా అదే వాకిట్లో అలర్టుకు విలువుంటుంది. కొట్టుకైతే షట్టర్ దించాకే.

‘మనిషి’ అని గుర్తుపట్టే కెమెరాలు

గత పదేళ్లలో వచ్చిన పెద్ద మార్పు వస్తువును గుర్తించే న్యూరల్ నెట్‌వర్కులు. 2016లో ప్రచురితమైన యోలో పద్ధతి చిత్రాన్ని ఒక్కసారి చూసి అందులోని మనుషులను, వాహనాలను, జంతువులను వేగంగా గుర్తించవచ్చని చూపింది. ఇప్పుడు హిక్‌విజన్ అక్యుసెన్స్ పేరుతో, దాహువా స్మార్ట్ మోషన్ డిటెక్షన్ పేరుతో మనిషిని, వాహనాన్ని వేరుచేసే కెమెరాలు అమ్ముతున్నాయి. ఫ్రిగేట్ లాంటి సాఫ్ట్‌వేర్ ముందు చౌకైన పిక్సెల్ లెక్కతో కదలిక ఉన్న చోటును కనిపెట్టి, ఆ ముక్కను మాత్రమే న్యూరల్ నెట్‌వర్కుకు పంపుతుంది. ఒక్క ఫ్రేములో ‘మనిషి’ అనిపిస్తే చాలదు. వరుసగా వచ్చిన మార్కుల మధ్యస్థ విలువ హద్దు దాటితేనే నమ్ముతుంది. ఆకులు, నీడలు, వాన, లైట్లు అనే గుంపుల మీద ఈ మార్గం నిజంగా బాగా పనిచేస్తుంది. కొత్తగా కెమెరా కొనేవారు ఈ సదుపాయం ఉన్నదే తీసుకోవాలి.

కానీ దీని పరిమితులు మన నేల మీద మరింత స్పష్టంగా కనిపిస్తాయి. ఇలాంటి మోడళ్లకు చాలాకాలంగా పునాదిగా ఉన్న కోకో చిత్రాల సంపుటి 2014లో వచ్చింది. అందులో వాడుకలో ఉన్నవి 80 రకాల వస్తువులు. జంతువులు పది: పక్షి, పిల్లి, కుక్క, గుర్రం, గొర్రె, ఆవు, ఏనుగు, ఎలుగుబంటి, జీబ్రా, జిరాఫీ. కోతి లేదు, గేదె లేదు. కోతి అంటే ఏమిటో చెప్పని చదువుతో తయారైన మోడల్, గోడ మీద కూర్చున్న కోతిని తనకు తెలిసిన వాటిలో దగ్గరగా ఉన్నదానితో కలిపేస్తుంది. అది మనిషి కావచ్చు. తిరుమల కొండ కింది ఊళ్లలోనైనా, తెలంగాణ పల్లెల్లోనైనా ఇది చిన్న విషయం కాదు. రెండో పరిమితి దీనికి ఎదురు దిక్కున ఉంది. గొంగళి కప్పుకుని వంగి నడిచేవాడు, వానలో గోనెసంచి తలమీద వేసుకున్నవాడు, నేలమీద పాకేవాడు మోడల్ చూసిన ‘మనిషి’ బొమ్మలకు దూరంగా ఉంటారు. ఎక్కువగా పగటి రంగుల ఫోటోలతో నేర్చుకున్న మోడల్‌కు ఇన్‌ఫ్రారెడ్ చిత్రం కొత్త. మన రాత్రుల చిత్రాలతో, మన జంతువులతో మోడళ్లను నేర్పించే పని మన ఇంజినీరింగ్ కళాశాలల ప్రాజెక్టులకు చక్కగా సరిపోతుంది, ఎవరైనా చేపట్టాలి.

గుర్తింపు ఎక్కడ జరుగుతుందన్నది కూడా ముఖ్యం. కొన్ని కెమెరాలు వీడియోను సంస్థ సర్వర్లకు పంపి అక్కడ తేలుస్తాయి. 2023 మే నెలలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, రింగ్ సంస్థ వినియోగదారుల వీడియోలను ఉద్యోగులు చూసేలా వదిలేసిందని, అనుమతి లేకుండా అల్గారిథమ్‌ల శిక్షణకు వాడిందని అభియోగం మోపింది. 58 లక్షల డాలర్లు కట్టి ఆ సంస్థ రాజీ చేసుకుంది. కెమెరాలోనో ఇంట్లోని రికార్డర్‌లోనో తేల్చే పరికరాలు దొరుకుతున్నప్పుడు ఇంటి లోపలి చిత్రాలను బయటికి పంపాల్సిన అవసరం లేదు.

వేడిని, తరంగాలను చూసే సెన్సర్లు

బ్యాటరీ కెమెరాలు ఎప్పుడూ చూస్తూ ఉండలేవు కాబట్టి వేడి కదలికను పసిగట్టే పీఐఆర్ సెన్సర్ లేపితే లేస్తాయి. మనిషి శరీరం వెలువరించే ఇన్‌ఫ్రారెడ్‌ తీవ్రత 9, 10 మైక్రాన్ల దగ్గర గరిష్ఠంగా ఉంటుంది. పీఐఆర్‌లో ఎదురెదురు గుర్తులతో కలిపిన రెండు ముక్కలు ఆ వేడిని పట్టుకుంటాయి. చుట్టూ ఉన్న వేడి మొత్తంగా మారితే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. వేడి ఆకారం ఒక ముక్క నుంచి మరోదానికి దాటితేనే సంకేతం పుడుతుంది. అందుకే అడ్డంగా నడిచేవాణ్ణి పీఐఆర్ బాగా పడుతుంది, తిన్నగా తనవైపు వచ్చేవాణ్ణి ఆలస్యంగా పడుతుంది. చెట్ల నీడలు, లైట్లు దాన్ని పెద్దగా మోసం చేయలేవు. ఏసీ బయటి యూనిట్ వదిలే వేడిగాలి, ఆగిన కారు ఇంజను మోసం చేయగలవు.

మన ఎండాకాలం ఈ సెన్సర్‌కు పరీక్ష. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. చర్మం ఉష్ణోగ్రత 33 నుంచి 35 డిగ్రీలు. పగలంతా కాలిన గోడ సాయంత్రం చల్లబడుతూ ఆ ఉష్ణోగ్రతకు దిగిన సమయంలో మనిషికీ గోడకూ వేడిలో తేడా ఉండదు, పీఐఆర్‌కు మనిషి కనపడడు. వేసవి రాత్రుల్లో పీఐఆర్ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. పీఐఆర్, మైక్రోవేవ్ రెండూ ఒప్పుకుంటేనే మోగే జంట సెన్సర్లు గోదాములకు పాతకాలం నుంచే ఉన్నాయి. ఇంటి పరికరాల్లోకి రాడార్ ఇటీవలే వచ్చింది, రింగ్ 2021లో ఒక డోర్‌బెల్‌లో పెట్టింది. రాడార్‌కు వెలుతురుతో, ఎండతో పని లేదు, దూరం కూడా కొలుస్తుంది. ఖరీదు మాత్రం ఇంకా ఎక్కువే.

ఏమీ కదలకూడని చోటు

ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఊరెళ్లేవారి కోసం తెచ్చిన ఎల్‌హెచ్‌ఎంఎస్ వ్యవస్థ ఈ మొత్తం చర్చలో ఆలోచించదగ్గది. యాప్‌లో పేరు నమోదు చేసుకుని ముందుగా చెబితే పోలీసులు తాళం వేసే ఇంట్లో కెమెరా అమరుస్తారు. లోపల కదలిక ఉంటే కంట్రోల్ రూముకు సమాచారం వెళ్తుంది, దగ్గర్లోని సిబ్బంది బయల్దేరతారు. దీని బలం కెమెరా తెలివిలో లేదు, ఎంచుకున్న చోటులో ఉంది. తాళం వేసిన ఇంట్లో కదలడానికి ఎవరికీ కారణం లేదు. ఎలుక, బల్లి, గాలికి ఊగే కర్టెన్ మిగులుతాయి. కిటికీలు మూసి, కర్టెన్లు కట్టేసి వెళ్తే అవీ తగ్గుతాయి. బ్రిటన్ హోం శాఖ వీడియో నిఘా వ్యవస్థలను పరీక్షించడానికి తయారుచేసిన ఐ-లిడ్స్ దృశ్యాల్లో కూడా ఇలాంటి నిర్జన ప్రాంతం ఒక విభాగంగా ఉంది.

ఐ-లిడ్స్ నుంచి నేర్చుకోదగ్గది ఇంకొకటుంది. ఒకే వ్యవస్థకు రికార్డింగ్ కోసం ఒక కొలమానం, సిబ్బందిని అప్రమత్తం చేయడం కోసం మరో కొలమానం అది వాడింది. ఈ రెండు పనుల్లో తప్పుకు చెల్లించే మూల్యం వేరు. రికార్డింగులో అనవసరపు క్లిప్ వల్ల పోయేది కాస్త హార్డ్ డిస్కు. అలర్టులో పోయేది మనిషి నమ్మకం. మన ఇళ్లలో ఈ రెంటికీ ఒకే సెట్టింగు పెట్టేస్తున్నాం. అసలు పొరపాటు అదే.

మార్పులు చేశాక పరీక్ష తప్పనిసరి. ఇంట్లో ఒకరు రాత్రి గేటు నుంచి, గోడ పక్క నుంచి, పెరటి వైపు నుంచి వంగి, దుప్పటి కప్పుకుని, మెల్లగా, వేగంగా నడిచి చూడాలి. ప్రతిసారీ అలర్టు వచ్చిందా, ఎంతసేపటికి వచ్చిందో రాసుకోవాలి. తప్పుడు అలర్టులు సున్నాకు చేరి, ఈ నడకలో కూడా అలర్టు రాకపోతే ఆ కెమెరా బాగుపడలేదు, మూగబోయింది. ఎండాకాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి మళ్లీ నడవాలి.

ఇన్ని దారులు చూశాక తేలేది ఇది. ముందు చోటు, తర్వాత వెలుతురు, ఆపై జోన్, సమయం, వాటి తర్వాత మనిషిని గుర్తించే సదుపాయం, అన్నిటికన్నా చివర సెన్సిటివిటీ. ఈ వరుస తిరగబడితే ఎంత ఖరీదైన కెమెరా అయినా విసిగిస్తుంది. రికార్డింగ్ రోజంతా, ఫ్రేమంతా జరగనివ్వండి. అలర్టు మాత్రం ఏమీ కదలకూడని చోట, ఏమీ కదలకూడని వేళ మాత్రమే అడగండి. నోటిఫికేషన్లు ఇప్పటికే ఆపేసి ఉంటే ఈ ఆదివారం ఒక గంట కేటాయించి, నిచ్చెన వేసుకుని కెమెరా దగ్గర మొదలుపెట్టండి.